మూడు పళ్లు దాటిన నవ్వు

నాసరయ్య హారన్ మూడుసార్లు కొట్టాడంటే వెనక ట్రక్కులో ఉన్నవాళ్లంతా ఏడుపు మొదలుపెట్టాలి. అదీ ఒప్పందం.

తుమ్మలమెట్టలో ట్రాక్టరు కదలకముందే పెళ్లివారికి ఆ సంగతి విడమరిచి చెప్పాడు. ముప్పై మంది ఉన్నారు. పట్టుచీరలు, మల్లెపూలు, రెండు డోళ్లు, ఒక సన్నాయి, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ మీద పెళ్లికొడుకు నాగూరు. కాలవకట్ట దాటేదాకా ఎవరిష్టం వాళ్లది. నవ్వుకోవచ్చు, పాడుకోవచ్చు. తుమ్మల మలుపులో హారన్ మోగిందంటే మాత్రం ముఖాలు మాడిపోవాలి.

మోగింది.

"ఓరి నాయనోయ్, ఇంకేం బతుకురా దేవుడా!" అని సైదమ్మ ఎత్తుకుంది. డెబ్బై దాటిన సైదమ్మ నోట్లో మిగిలినవి రెండే పళ్లు. గొంతు మాత్రం మూడు వీధులకు వినపడుతుంది. ఆమె మొదలుపెడితే మిగతావాళ్లకు ఊపొస్తుంది. డోలు వాయించేవాడు డోలు మీద తల వాల్చేశాడు. పెళ్లికొడుకు తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

మలుపు తిరగ్గానే జీపు. జీపు ముందు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు పరాంకుశం. ఆయన పక్కన హోంగార్డు మస్తాన్‌వలి, చేతిలో టార్చిలైటు. పట్టపగలు టార్చి ఎందుకంటే, బయట ఎంత ఎండ ఉన్నా మనిషి నోటి లోపల చీకటే కాబట్టి.

"ఎక్కడికి?" అన్నాడు పరాంకుశం.

"పెళ్లికండీ," అన్నాడు నాసరయ్య.

"ఎవరైనా సంతోషంగా ఉన్నారా?"

"అబ్బే. ఒక్కరు కూడా లేరండీ."

"పెళ్లికొడుకు?"

"వాడసలు లేడండీ. చూడండి, ఎట్టా కూకున్నాడో."

నాగూరు నిజంగానే ఉరికంబం ఎక్కబోయేవాడిలా ఉన్నాడు. పరాంకుశం ట్రక్కు చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. ట్రక్కుకు వెనక లైట్లు లేవు. ఆయన చూడలేదు. ఎడమ టైరు అరిగి అరిటాకులా నున్నగా ఉంది. దాన్నీ చూడలేదు.

నాసరయ్యే ధైర్యం చేసి చూపించాడు. "సార్, ఈ టైరు మార్చమని మా ఆసామికి ఆర్నెల్ల నుంచి చెప్తన్నా. మీరొక మాట రాసిస్తే..."

"అది వేరే సెక్షను," అన్నాడు పరాంకుశం, ముఖాల మీద నుంచి చూపు తిప్పకుండా.

అంతా సవ్యంగా జరిగిపోయేదే. పెళ్లికొడుకు బావ కాశయ్య మాత్రం ఊరుకోలేకపోయాడు. నాగూరు చెవి దగ్గరికి వంగి, "ఏడువు బామ్మర్దీ, బాగా ఏడువు. మీ అక్కని చేసుకున్న కాణ్ణుంచీ నేనూ ప్రాక్టీసులోనే ఉండా," అన్నాడు.

నాగూరు పెదాలు బిగబట్టాడు. ముక్కుతో ఒక శబ్దం వచ్చింది. ఆ తర్వాత ఆనకట్ట తెగింది.

మస్తాన్‌వలి టార్చి వేశాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు... సార్, పైవరసలోనే ఆరు!"

"వినోదం నిర్ధారణ అయినది," అని పరాంకుశం పుస్తకం తెరిచాడు. "వినోద ముద్ర లేకుండా భారీ వినోద ట్రైలరును లాగుట. మొదటి నేరం. మూడవ నేరమునకు లైసెన్సు రద్దగును. సంతకం చెయ్యి."

నాసరయ్య సంతకం చేశాడు. ఇరవై నాలుగేళ్లుగా ట్రాక్టరు నడుపుతున్నాడు. ఆ లైసెన్సు మీద ఇంతవరకూ ఒక్క గీత పడలేదు. ఆ చిన్న అట్టముక్క తప్ప అతనికి పొలం లేదు, కొట్టు లేదు, ఇంకో పని రాదు.

*

ఈ నియమావళి పుట్టుక వెనక ఒక ఉదాత్తమైన ప్రయాణం ఉంది.

పదకొండు మంది పెద్ద అధికారులు విదేశీ అధ్యయనానికి వెళ్లారు. అక్కడి జనం చక్రాలున్న ఇంటిని కారు వెనక తగిలించుకుని, భార్యాబిడ్డలతో అడవుల్లోకీ సముద్రం ఒడ్డుకీ పోయి సరదాగా గడపడం చూశారు. అలాంటి బరువైన ఇంటిని లాగాలంటే మామూలు లైసెన్సు చాలదనీ, దాని మీద ఇంకో ముద్ర పడాలనీ తెలుసుకున్నారు. అధికారుల గుండె ఉప్పొంగింది. చక్రాల ఇళ్లు మన దగ్గర లేకపోవడం వాళ్లకు పెద్ద లోటుగా తోచలేదు. వాటికి ముద్ర లేకపోవడం మాత్రం భరించరానిదిగా తోచింది.

తిరిగొచ్చిన నెలలోనే 'భారీ వినోద ట్రైలర్ల చోదక నియమావళి' వెలువడింది. చక్రాల ఇళ్లకు కూడా ఆర్డరు పెట్టారు. ఆరింటిలో ఒకటి వచ్చింది. అది పర్యాటక సంస్థ డిపోలో టార్పాలిన్ పట్టా కింద నిద్రపోతోంది. నియమావళి మాత్రం మేలుకునే ఉంది. ఒక్కో ఇన్‌స్పెక్టరు నెలకు నలభై భారీ వినోద ట్రైలర్లను పట్టుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

లేనివాటిని పట్టుకోవడం మామూలు మనిషికి కష్టం. పరాంకుశం మామూలు మనిషి కాడు. నియమావళిని మూడుసార్లు చదివి, నాలుగోసారి కింద గీత గీశాడు: 'మరియొక వాహనము లాగగా నడుచునదియు, బరువు మూడు టన్నులు మించినదియు, అందులోని వ్యక్తి వినోదము పొందుచున్నదియు అగు ఏదేని బండి.' చక్రాల ఇల్లు అని ఎక్కడా లేదు. ట్రాక్టరు ట్రక్కు లాగగా నడుస్తుంది. మనుషులు ఎక్కితే మూడు టన్నులు దాటుతుంది. ఇక తేలవలసింది వినోదం ఒక్కటే.

దానికీ పై ఆఫీసు నుంచి స్పష్టత వచ్చింది. నవ్వినప్పుడు మూడు పళ్ల వరకూ కనిపిస్తే మర్యాద. నాలుగు కనిపిస్తే వినోదం.

"ట్రాక్టరు ట్రక్కులో మనుషుల్ని ఎక్కించకూడదని ఎప్పట్నుంచో రూలుందిగా సార్, అది రాస్తే పోలా?" అని మస్తాన్‌వలి ఒకసారి అడిగాడట. ఆ మాట అతనే టీకొట్టు దగ్గర నాసరయ్యకు చెప్పాడు.

"మరి ఏమన్నాడు?"

"ఉందిరా, దానికి టార్గెట్ లేదు అన్నాడు."

చుట్టుపక్కల ఊళ్లన్నీ త్వరలోనే దారిలో పడ్డాయి. పెళ్లివారు అద్దం ముందు ఏడుపు సాధన చేసి బయల్దేరేవారు. తిరునాళ్లకు పోయే ఆడవాళ్లు నోటికి గుడ్డ కట్టుకునేవారు. రాజకీయ సభలకు జనాన్ని తోలుకుపోయే ట్రక్కులను మాత్రం పరాంకుశం ఎప్పుడూ ఆపలేదు. మొదటిరోజే పన్నెండు ట్రక్కులు వరసగా పరీక్షించాడు. పోయేటప్పుడు అందరూ నిద్రలో ఉన్నారు. వచ్చేటప్పుడు ఒక్కరి ముఖంలోనూ వినోదపు జాడ లేదు.

సైదమ్మకు గిరాకీ పెరిగింది. ఏ ట్రక్కు కదిలినా, "అత్తా, నువ్వూ రా," అని ముందు వరసలో కూర్చోబెట్టేవారు. ఆమె ఎంత నవ్వినా రెండు పళ్లే. చట్టం ఆమెను ఏమీ చెయ్యలేదు. ఏడుపంటారా, దానికి ఆమె వెతుక్కోనక్కర్లేదు. ఆర్నెల్ల కిందట పింఛను ఆగిపోయింది. ఆఫీసుకు పోయి అడిగితే కంప్యూటర్లో చూసి, "మీరు చనిపోయారు," అన్నారు.

"నేనేగదయ్యా వచ్చింది," అందట సైదమ్మ.

"వస్తే వచ్చారు. బతికున్నట్టు కాగితం తెచ్చుకోండి," అన్నారట.

*

రెండో నేరం పోలయ్య వల్ల జరిగింది. పోలయ్య అప్పటికి చనిపోయి ఉన్నాడు.

శ్మశానం కాలవ అవతల నాలుగు కిలోమీటర్లు. పాడెను ట్రక్కులోకి ఎక్కించారు. చుట్టూ పన్నెండు మంది బంధువులు. ఆ రోజు నాసరయ్య హారన్ కొట్టలేదు. కొట్టే అవసరం లేదనుకున్నాడు. ఏడుపు ముందునుంచే ఉంది, అదీ అసలుది.

పరాంకుశం ఆపాడు. మస్తాన్‌వలి టార్చి ఆర్పి టోపీ తీసి నిలబడ్డాడు. పరాంకుశం కూడా ఒక్క నిమిషం మౌనం పాటించి, "వెళ్లవచ్చు," అన్నాడు.

అక్కడితో పోయేది. పోలయ్య కొడుకు అంకయ్య కళ్లు తుడుచుకుంటూ, తండ్రి మీద గౌరవంతో ఒక మాట అన్నాడు. "ఎనబయ్యారేళ్లండీ మా నాయనకి. మంచం పట్టలా. ఎవుళ్లచేతా చేయించుకోలా. నవ్వుతా పోయాడు."

జీపు వైపు నడుస్తున్న పరాంకుశం ఆగిపోయాడు. "ఏమన్నావు?"

"నవ్వుతా పోయాడండీ. ఇంకా ఆ నవ్వు అట్నే ఉంది మొకాన."

"మస్తాన్‌వలీ."

"సార్, వద్దు సార్."

"విధి."

మస్తాన్‌వలి పాడె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గుడ్డ కొంచెం పక్కకు తీసి, టార్చి వేశాడు. గుడ్డ మళ్లీ కప్పేసి, "ఏడు, సార్," అన్నాడు.

నాసరయ్య ట్రాక్టరు మీద నుంచి దూకాడు. "సచ్చినోడికి వినోదమేంది సార్? మీకు దణ్ణం పెడతా!"

"మృతులు వినోదము పొందరాదని నియమావళిలో ఎక్కడా లేదు," అన్నాడు పరాంకుశం శాంతంగా. "అందులోని వ్యక్తి అని మాత్రమే ఉన్నది. సదరు పోలయ్య వ్యక్తి కాడని నీ వాదనా?"

"కాడు గదా మరి! శవం!"

అంతే, అంకయ్య ట్రక్కు దిగి నాసరయ్య చొక్కా పట్టుకున్నాడు. "మా నాయన యక్తి కాదంటావా? ఊరందరికీ పెద్దమనిషిరా! ఎంత మాటన్నావురా!"

బంధువులు ఇద్దర్నీ విడదీసేలోపు చలానా రాయడం పూర్తయింది. ప్రయాణికుల సంఖ్య పదమూడు. వినోదం పొందినవారు ఒకరు. రెండవ నేరం.

*

ఇంకొక్కటి పడితే లైసెన్సు పోతుంది. నాసరయ్య రెండు రోజులు తిండి సరిగ్గా తినలేదు. మూడోరోజు, ముద్ర వేయించుకుంటే గొడవే ఉండదు కదా అని, ట్రాక్టరుకు ట్రక్కు తగిలించుకుని రవాణా ఆఫీసుకు పోయాడు. అక్కడ పరీక్ష పెట్టే అధికారి కూడా పరాంకుశమే.

పరీక్ష అంటే నాసరయ్యకు భయం లేదు. తిరునాళ్లలో ట్రాక్టరు రివర్సు పోటీలు పెడతారు. ట్రక్కు తగిలించిన ట్రాక్టరును డ్రమ్ముల మధ్యనుంచి వెనక్కి నడపాలి. స్టీరింగు ఇటు తిప్పితే ట్రక్కు అటు పోతుంది. మెడ వెనక్కి, చెయ్యి ముందుకి, మనసు ట్రక్కు చక్రం దగ్గర ఉండాలి. ఆ పోటీల్లో గెలిచిన షీల్డులు అతని ఇంట్లో పప్పుల డబ్బాల పక్కన వరసగా ఉన్నాయి.

ఆఫీసు వెనక మైదానంలో ఎనిమిది ఆకారంలో సున్నం గీతలున్నాయి. ఎవరూ అడక్కుండానే నాసరయ్య ఆ ఎనిమిది మొత్తం రివర్సులో తిప్పాడు. ట్రక్కు చక్రం ఒక్క గీతనూ తాకలేదు. ప్యూను ఈల వేశాడు.

"రివర్సు సిలబస్‌లో లేదు," అన్నాడు పరాంకుశం.

"మరేముంది సార్?"

"భారీ వినోదమును సురక్షితముగా లాగగల సామర్థ్యము. అనగా రెండు వందల మీటర్ల దూరములో ప్రయాణికులు వినోదము పొందవలెను. చోదకుడు చలించరాదు."

ఆఫీసులోంచి నలుగురు గుమాస్తాలు బయటికి వచ్చారు. భోజనానికి ముందు లేపినందుకు నలుగురి ముఖాలూ ఒకేలా ఉన్నాయి. ట్రక్కులో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నాసరయ్య నెమ్మదిగా నడిపాడు, హుషారుగా నడిపాడు, చివరికి ఊళ్లో పిల్లల్ని ఊపినట్టు కుడి ఎడమలకు ఊగేలా నడిపాడు. గుమాస్తాలు ఎంతకీ రాని రైలు కోసం చూసేవాళ్లలా అలాగే కూర్చున్నారు.

నూట డెబ్బై మీటర్ల దగ్గర ఒకాయన ఫోను మోగింది. మెసేజీ చూసుకుని, "రేపు సెలవంట!" అని గట్టిగా నవ్వాడు. ఎనిమిది పళ్లు.

"సార్! చూశారా!" అని నాసరయ్య కేక పెట్టాడు.

"చూశాను. ఆ వినోదము ట్రైలరు వలన కలిగినది కాదు. సెలవు వలన కలిగినది. ఫెయిల్."

"మీ ఆఫీసోళ్ల బదులు మా ఊరోళ్లని కూకోబెట్టుకుంటా సార్. కదలకుండానే నవ్వుతారు."

"ప్రైవేటు వ్యక్తులు తమ సంతోషమును తామే ధ్రువీకరించుకొనుట చెల్లదు."

బయటికి వస్తుంటే ప్యూను జాలిపడి చెప్పాడు. ఇప్పటిదాకా అరవై ఒక్క మంది పరీక్షకు వచ్చారు. ఒక్కడూ పాసవ్వలేదు. రాష్ట్రం మొత్తంలో వినోద ముద్ర ఉన్న డ్రైవరు పుట్టలేదు.

*

ఆ సంగతి పర్యాటక సంస్థకు కూడా ఆలస్యంగా తెలిసింది. సోమవారం ఉదయం తుమ్మలమెట్ట రిజర్వాయరు దగ్గర చక్రాల ఇంటికి ప్రారంభోత్సవం. సంస్థ ఛైర్మన్ లోపల కూర్చుంటే, మూడు కిలోమీటర్ల కట్ట మీదుగా లాక్కెళ్లి, పడవలు దింపే వాలులో నీళ్ల అంచుదాకా రివర్సులో దించాలి. నీళ్లు వెనకాల కనిపించేలా ఫొటో తియ్యాలి. లాగడానికి ముద్ర ఉన్నవాడు లేడు. రివర్సులో దించడానికి జిల్లాలో ఒక్కడే ఉన్నాడు.

ఆదివారం పరాంకుశమే తుమ్మలమెట్ట వచ్చాడు. నాసరయ్య ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"నియమావళిని పునఃపరిశీలించాను. వినోదము ఉన్నప్పుడే అది వినోద ట్రైలరు. లోపలివారెవ్వరూ వినోదము పొందనిచో అది కేవలము ట్రైలరు. నీ మామూలు లైసెన్సు సరిపోవును."

"అంటే లోపలున్నోళ్లు నవ్వకూడదు."

"నవ్వరు. ఆ ఏర్పాటు నాది. పని పూర్తయిన పిమ్మట నీ రెండు నేరములు కొట్టివేయబడును. ముద్ర కూడా వేయబడును. నీ వైపు నుంచి ఒక సహకారము కావలెను. ఆ ఏడ్చే ముసలమ్మ ఎవరు?"

సోమవారం పొద్దున్నే నాసరయ్య ట్రాక్టరుతో కట్ట దగ్గరికి వచ్చాడు. చక్రాల ఇల్లు తెల్లగా మెరిసిపోతోంది. లోపల మంచం, పొయ్యి, అద్దాల కిటికీలు. నాసరయ్య వాటిని చూడలేదు. నేరుగా దాని మెడ కిందికి వంగాడు. అక్కడ గిన్నెలాంటి మూత ఉండాలి. అది ఇనప గుండు మీద కూర్చునే రకం. ట్రాక్టరుకు గుండు ఉండదు, పిన్ను పట్టే కొక్కెం ఉంటుంది. అందుకని డిపోవాళ్లు గిన్నెను కోసేసి, ఆ చోట ఒక ఇనప కడియాన్ని వెల్డింగ్ చేశారు. నాసరయ్య పానాతో దాని మీద కొట్టాడు. మట్టికుండ మీద కొట్టినట్టు శబ్దం వచ్చింది.

"ఇది నిలవదు సార్. వాలులో బరువంతా దీనిమీదే పడుద్ది."

పరాంకుశం ఫారం తిప్పి చూశాడు. "ముప్పై రెండు గడులు ఉన్నవి. అన్నియు ముఖమునకు సంబంధించినవే. వెల్డింగునకు గడి లేదు."

పదేళ్ల కిందట పక్కూరి ట్రక్కు ఒకటి పిన్ను తెగి కాలవలో పడింది. ఎనిమిది మంది పోయారు. వాళ్లను బయటికి లాగినవాళ్లలో నాసరయ్య ఒకడు. అప్పటినుంచీ పిన్నుతో పాటు లావుపాటి గొలుసు కూడా వేస్తాడు. ఛైర్మన్ కారు రావడం చూసి పరాంకుశం అటు పరుగెత్తగానే, సీటు కింద నుంచి ఆ గొలుసు తీసి, ఇంటి ఇరుసుకీ ట్రాక్టరుకీ రెండు చుట్లు బిగించాడు.

ఛైర్మన్, ఆయన ఇద్దరు అధికారులు, ఫొటోగ్రాఫరు, పరాంకుశం లోపలికి ఎక్కారు. వాళ్ల వెనక సైదమ్మ ఎక్కి, మెత్తటి సోఫా మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

"ఈవిడెవరు?" అన్నాడు ఛైర్మన్.

"దుఃఖ సహాయకురాలు సర్. తమరు దయచేసి ఆనందించకుండా ఉండాలి."

"నా ప్రారంభోత్సవంలో నేను ఆనందించకూడదా?"

"ఒడ్డుకు చేరేవరకే సర్. నిబంధనల దృష్ట్యా విచారముగా ఉండుట శ్రేయస్కరం."

నాసరయ్య హారన్ మూడుసార్లు కొట్టాడు. మెడ తిప్పితే, తెరిచి ఉన్న ఇంటి ముందు కిటికీలోంచి లోపలి ముఖాలన్నీ కనిపిస్తున్నాయి, మాటలు కూడా వినపడుతున్నాయి. సైదమ్మ పాత ఏడుపు ఎత్తుకోలేదు. పింఛను కథ మొదటినుంచీ చెప్పింది. తను ఏ తారీఖున చనిపోయిందో, ఎన్నిసార్లు బస్సెక్కి పోయి బతికున్నానని మొక్కుకుందో అంతా చెప్పింది. ఛైర్మన్ ఫోను చూసుకున్నాడు. అధికారుల్లో ఒకడు ఆవులించాడు.

"వినోదం శూన్యం," అని పరాంకుశం తృప్తిగా రాసుకున్నాడు.

మూడు కిలోమీటర్లు క్షేమంగా గడిచాయి. వాలు వచ్చింది. నాసరయ్య మెడ వెనక్కి తిప్పి, రివర్సు వేసి, నాలుగు టన్నుల ఇంటిని అంగుళం అంగుళం కిందికి దించసాగాడు. ఇంకా పది అడుగులు. ఎనిమిది. ఒడ్డున నిలబడ్డ మస్తాన్‌వలి రెండు చేతులూ ఊపుతూ రమ్మంటున్నాడు.

టప్‌మని శబ్దం వచ్చింది.

వెల్డింగు ఊడింది. ఇల్లు ఒక్కసారిగా ట్రాక్టరును వదిలి వెనక్కి జారింది. లోపల అయిదు గొంతులు ఒకేసారి అరిచాయి. నాసరయ్య రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడ్డాడు. గొలుసు బిగుసుకుంది. ట్రాక్టరు ముందు చక్రాలు జానెడు పైకి లేచి, దబ్బున కింద పడ్డాయి. కంకర మీద అడుగున్నర జారి, ఆగింది. మస్తాన్‌వలి చేతికందిన బండరాళ్లన్నీ చక్రాల కింద దోపాడు. ఇంటి వెనక అంచుకూ నీళ్లకూ మధ్య ఒక్క బారెడు నేల మిగిలింది.

లోపల ఛైర్మన్ పొయ్యిని కౌగిలించుకుని ఉన్నాడు. అప్పుడు సోఫా మీద నుంచి సైదమ్మ అంది:

"నేనంటే కాయితాల్లో ఆర్నెల్ల కిందే సచ్చా. ఇయ్యాల మళ్లీ సస్తే పాపం ఆ పిల్లోడు కంప్యూటర్లో ఎట్టా ఎక్కిస్తాడయ్యా?"

ఛైర్మన్ గొంతులోంచి ఏదో వచ్చింది. ఆ తర్వాత ఆయన పొయ్యిని పట్టుకునే నవ్వడం మొదలుపెట్టాడు. అధికారులు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. బతికి బయటపడ్డవాళ్లు ఎలా నవ్వుతారో అలా, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వారు. ఫొటోగ్రాఫరు నవ్వుతూనే ఫొటోలు తీశాడు. పరాంకుశం కూడా నవ్వాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో అంత బాగా నవ్వి ఉండడు.

నవ్వుతూ నవ్వుతూ ఆయన కిటికీ అద్దంలో తన ముఖం చూసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. అద్దం మీద వేలు పెట్టి పళ్లు లెక్కపెట్టుకున్నాడు. పన్నెండు.

పుస్తకం తెరిచాడు.

"సార్," అన్నాడు నాసరయ్య కిటికీ దగ్గరికి వచ్చి, ఇంకా రొప్పుతూ. "ఏం రాస్తన్నారు?"

"వినోదము పొందినవారు అయిదుగురు. ఈ క్రింద సంతకము చేయువానితో కలిపి. మూడవ నేరం."

"నేను గొలుసు వెయ్యకపోతే మీరు నీళ్లలో ఉండేవోళ్లు సార్!"

"అవును. నీళ్లలో ఉంటే వినోదము ఉండేది కాదు. నీకు ఏ నేరమూ ఉండేది కాదు." పరాంకుశం గొంతులో నిజంగానే బాధ ఉంది. "గొలుసు అనధికార సామగ్రి. దానిని వేరుగా రాయడం లేదు. కృతజ్ఞతతో."

"అయిదుగురేంది? నేనూ నవ్వాగా," అంది సైదమ్మ.

"నీ నవ్వు లెక్కలోకి రాదమ్మా. పళ్లు చాలవు. అదీగాక నువ్వు రికార్డులో లేవు."

"సచ్చిన పోలయ్య నవ్వితే నవ్వు, బతికున్న నేను నవ్వితే కాదా?"

పరాంకుశం ఫారం తిప్పి, దానికి గడి కోసం వెతికాడు.

నాసరయ్య జేబులోంచి లైసెన్సు తీశాడు. మూలలు అరిగిపోయింది. ఫొటోలో ఇరవై నాలుగేళ్ల కిందటి నల్లటి మీసం. ఒకసారి చూసుకుని, పరాంకుశం చేతిలో పెట్టాడు. ట్రాక్టరు తాళంచెవి తీసి సీటు మీద పెట్టాడు. చక్రాల కింద రాళ్లు గట్టిగా ఉన్నాయో లేదో కాలితో తన్ని చూసి, కట్ట ఎక్కసాగాడు.

"ఓయ్, ఎక్కడికి?" అన్నాడు ఛైర్మన్, బట్టలు దులుపుకుంటూ కిందికి దిగి. "మమ్మల్ని వెనక్కి తీసుకెళ్లు."

"లైసెన్సు లేనోణ్ణండీ. బండి ముట్టుకుంటే తప్పు."

"ఇంకో డ్రైవర్ని పిలవండి!"

"వీలుపడదు సర్," అన్నాడు పరాంకుశం. "ఇందులో వినోదము ఉన్నట్లు ఇప్పుడు రికార్డు అయినది. ఇకపై దీనిని ముద్ర ఉన్నవాడే లాగవలెను. అట్టివాడు రాష్ట్రములో లేడు."

"మరి నా కారు?"

కారు కట్ట అవతలి కొస దగ్గర ఉంది. వాలు పైన అది తిప్పుకునే చోటంతా ట్రాక్టరు అడ్డంగా ఉంది, అంత దూరం రివర్సులో వెనక్కి పోవడం ఆ కారు డ్రైవరుకు రాదు. ఛైర్మన్ కట్ట వంక చూశాడు. మూడు కిలోమీటర్లు. ఎండ. ఆయన బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

అందరికన్నా ముందు నాసరయ్య నడుస్తున్నాడు. సైదమ్మకు మోకాళ్ల నొప్పులు. అతని చెయ్యి పట్టుకుంది. అతను ఆమెను నెమ్మదిగా ముందుకు నడిపిస్తున్నాడు. కొంత దూరం పోయాక సైదమ్మ ఏదో అంది. నాసరయ్య ఆగి, వెనక్కి తిరిగి, నీళ్ల అంచున నిలబడ్డ తెల్లటి ఇంటినీ, బూట్లు పట్టుకుని వస్తున్న ఛైర్మన్‌నీ చూశాడు. మొదటి చలానా పడిన ఈ మూడు నెలల్లో మొదటిసారి అన్ని పళ్లూ బయటపెట్టి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

పరాంకుశం అడుగు వేగం పెంచాడు. నడుస్తూనే పుస్తకం తెరిచాడు. ఒకరు ఇంకొకర్ని లాగుచున్నారు. లాగబడుచున్న వ్యక్తి వినోదము పొందుచున్నది.

"మస్తాన్‌వలీ, ఆమె బరువెంత ఉంటుంది?"

"ముప్పై అయిదు కేజీలుండుద్దేమో సార్."

మూడు టన్నులకు చాలా తక్కువ. అదీగాక ఆమె చనిపోయి ఆర్నెల్లయింది. పరాంకుశం నిట్టూర్చి పుస్తకం మూసేశాడు. ఆ పుస్తకం ప్రకారం నాసరయ్య ఒక్కడే, ఎవర్నీ లాగకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, తనలో తాను నవ్వుకుంటూ ఊరివైపు నడిచిపోతున్నాడు.